మొదటి షాట్‌లోకి ముందు ఎవరు వస్తారు?

మార్కాపురం నుంచి శ్రీశైలం పోయే దారిలో దోర్నాల వరకూ పత్తి, మిరప, కంది చేలు కనిపిస్తాయి. దోర్నాల దాటితే నల్లమల. ఎర్రగొండపాలెం, పుల్లలచెరువు, అర్ధవీడు వైపు వెళ్లినా, పల్నాడులో మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు వెళ్లినా ఇదే వరస. మిరప చేల గట్లు ముగిసిన కాసేపటికే చెంచు గూడేలు మొదలవుతాయి. అంటే గుంటూరు, ఒంగోలు హాళ్లలో టిక్కెట్టు కొనేవాడికి అడవి పక్క ఊరే. అయినా మన సినిమా అడవిలో కాపురముండే కుటుంబాన్ని పరిచయం చేసే తీరు చూస్తే, ఎక్కడో విమానం దిగి వచ్చినవాడు తీసినట్టుంటుంది.

ఆ పరిచయం సంగతే ఈ వ్యాసం. చెట్ల మధ్య బతికే తల్లీ తండ్రీ పిల్లలూ తెర మీద తొలిసారి కనిపించేటప్పుడు ఎవరి కంటితో కనిపిస్తారు, ఏం చేస్తూ కనిపిస్తారు? ఎన్ని సినిమాలు వరసబెట్టి చూసుకున్నా ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగాల్సి వస్తోంది: మొదటి దృశ్యంలోకి బయటివాడు ముందు వస్తాడా, ఇంటివాళ్లు ముందే ఉంటారా? తెలుగులో చాలావరకు బయటివాడే ముందు వస్తాడు. వచ్చేవాడు దేవుడు కావచ్చు, రాణి కావచ్చు, దొర కావచ్చు, పోలీసు కావచ్చు. వాడు అడుగుపెట్టేదాకా ఆ కుటుంబానికి తెర మీద ఉనికి లేదు.

సినిమా పుట్టకముందు ఇలా లేదు. కూచిపూడి కలాపంలో పాత్ర తెర వెనక నిలబడి ప్రవేశ దరువుతో తన సంగతి తనే చెప్పుకుని లోపలికి వస్తుంది. యక్షగానాల్లో సింగి, సింగడు వచ్చేదీ అలాగే. తామెవరో, ఏ కొండ దిగి వచ్చారో, ఏం అమ్ముతారో, ఎవరి మీద అలిగారో అంతా వాళ్ల నోటే వింటాం. నిజమే, ఆ మాటలు రాసింది మైదానం కవులే, నవ్వించడానికి రాసినవే. ఎరుకల సానిని, చెంచెతను వేళాకోళం చేసిన చోట్లు కావలసినన్ని ఉన్నాయి. కానీ ఆట నియమం ప్రకారం అడవి మనిషి తన పేరు తను చెప్పుకోవాలి. ఇంకొకరు వేలు పెట్టి చూపిస్తే కుదరదు. సినిమా వచ్చాక పోయింది ఈ నియమమే. మాట్లాడే పాత్ర చూడబడే పాత్ర అయింది.

పౌరాణికాల్లో కారణం కథలోనే ఉంది. మన పురాణ కథల్లో అడవి కాపురమంటే ముందు రాజ్యం పోవాలి. రాముడి పర్ణశాల, పాండవుల వనవాసం, వాల్మీకి ఆశ్రమంలో సీత, అన్నీ పట్టణంలో మొదలై అడవికి వెళ్లే కథలు. 1934లో సి. పుల్లయ్య తీసిన 'లవకుశ' అయినా, 1963లో ఆయనా సి.ఎస్. రావూ కలిసి రంగుల్లో తీసిన 'లవకుశ' అయినా అడవి శిక్షగానే వస్తుంది. పల్నాటి కథ కూడా ఈ అచ్చులోనే పడింది. కోడిపోరులో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు వలస పోవడం గుంటూరు సీమకు సొంతమైన వనవాస కథ. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లోనూ, 1966లో ఎన్.టి.రామారావు, భానుమతి నటించిన 'పల్నాటి యుద్ధం'లోనూ ఆసక్తి అంతా నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుల మీదే. పశువుల్నీ పిల్లల్నీ తోలుకుని ఏడేళ్లు ఊరికి దూరంగా వండుకు తిన్న ఇళ్ల సంగతి కథకు మలుపు మాత్రమే. ఆ ఏడేళ్లలో ఓ పూట ఎలా గడిచిందో చూపించే సినిమా ఇంకా రాలేదు.

'చెంచులక్ష్మి'ని రెండుసార్లు తీశారు. 1943లో కమలా కోట్నీస్, 1958లో అంజలీదేవి. రెండోది బి.ఎ. సుబ్బారావు సినిమా, నరసింహస్వామిగా అక్కినేని. పేరులో చెంచు ఉన్నా కథ వైకుంఠంలో మొదలై, హిరణ్యకశిపుడి కొలువు దాటి గాని గూడేనికి రాదు. కన్నప్ప కథ మరీ విచిత్రం. ఆ కథకు కావలసింది బోయ కుటుంబమే: తండ్రి నాయకుడు, కొడుకు వేటగాడు, మాంసం కాల్చి దేవుడికి పెట్టేంత మామూలుగా సాగే అడవి బతుకు. 1954లో హెచ్.ఎల్.ఎన్. సింహా దర్శకత్వంలో కన్నడ రాజ్‌కుమార్ నటించిన 'శ్రీ కాళహస్తీశ్వర మహాత్మ్యం', 1976లో బాపు 'భక్త కన్నప్ప', 2025లో మంచు విష్ణు 'కన్నప్ప' మూడూ ఈ బతుకును చూపించాలి. బాపు బృందం పశ్చిమ గోదావరి బుట్టాయగూడెం ప్రాంతానికి వెళ్లింది. విష్ణు బృందం న్యూజిలాండ్ వెళ్లింది. శ్రీకాళహస్తి చుట్టూ ఉన్న రాళ్ల కొండలు, ముళ్లపొదలు, ఎండలో తెల్లబడిన గడ్డి చూసినవాళ్లకు ఆ పచ్చిక లోయల్లో తిన్నడు ఏం వేటాడాడో ఊహించుకోవడం కష్టం.

ఇది భూగోళం తప్పు పట్టడం కోసం అనడం లేదు. అడవి మారితే కుటుంబం మారుతుంది. నల్లమల ఆకురాల్చే అడవి. ఎండాకాలం నారేపి, నల్లమద్ది, టేకు మోడులై నిలబడతాయి. నీటి చెలమ ఎంత దూరంలో ఉందన్నదాని మీద ఆ ఇంటి రోజంతా ఆధారపడుతుంది. తునికాకు, ఇప్పపువ్వు, తేనె దేనికి దాని రుతువుంది. కెమెరాకు పచ్చదనం కావాలి కనుక శేషాచలం కథ అయిన 'పుష్ప' కూడా మారేడుమిల్లి తడి అడవుల్లో షూటింగ్ జరుపుకుంది. దీనికి హాలీవుడ్‌నూ తప్పు పట్టొచ్చు. జాన్ ఫోర్డ్ 1956 నాటి 'ది సెర్చర్స్'లో టెక్సాస్ అని తెర మీద అక్షరాలు పడతాయి, కనిపించేది మాన్యుమెంట్ వ్యాలీ ఎర్ర రాతి స్తంభాలు. అక్కడ నీళ్లు ఎక్కడివి, పశువులు ఏం మేస్తాయి అని అడక్కూడదు.

'ది సెర్చర్స్' పేరెత్తాం కాబట్టి దాని మొదటి షాట్ దగ్గర కాస్త ఆగాలి. తెరంతా చీకటి. తలుపు తెరుచుకుంటుంది. వెలుతురులోకి ఓ ఇల్లాలు నడుస్తుంది, ఆమె వెనకే కెమెరా బయటికి వస్తుంది. దూరంగా గుర్రం మీద ఓ మనిషి. తర్వాత భర్త, పిల్లలు ఒక్కొక్కరే వసారాలోకి వచ్చి నిలబడతారు. ఇక్కడా వచ్చేది బయటివాడే. అయితే కెమెరా ఇంట్లో ఉంది. ఆ మనిషి రాకను మనం ఆ ఇల్లాలి భుజం వెనక నుంచి చూస్తున్నాం. ఆమె ముఖం చూడకముందే ఆమె గడప మనదైపోతుంది.

ఇప్పుడు 2022 నాటి 'ఆర్ఆర్ఆర్' మొదలు చూడండి. ఆదిలాబాద్ అడవి, గోండు గూడెం. మల్లి అనే చిన్నపిల్ల పాట పాడుతూ దొరసాని చేతి మీద బొమ్మ వేస్తోంది. చేతి మీది గీతల దగ్గర్నుంచి పిల్ల గొంతు దాకా రాజమౌళి కూర్చిన తీరులో లోపం పట్టలేం. దొరసానికి పిల్ల నచ్చింది. చిల్లర పడింది. పాటకిచ్చిన బహుమానమనుకుంది తల్లి, అది బిడ్డ వెల అని తెలిసేసరికి కారు కదిలింది. అడ్డం పడ్డ తల్లి మీద తుపాకి ఎత్తిన సైనికుణ్ణి గవర్నర్ స్కాట్ ఆపుతాడు. తూటా ఖరీదు గురించి ఓ ఉపన్యాసం ఇస్తాడు. అంత ఖరీదైనది ఈమె మీద వృథా చేయొద్దంటాడు. చెట్టు దుంగతో ఆమె తల మీద కొడతారు. ఆరేడు నిమిషాల్లో దోపిడీ అంటే ఏమిటో, విలువ కట్టే అధికారం ఎవరిదో చెప్పేసిన దృశ్యం ఇది. ఇటీవలి తెలుగు సినిమాల్లో ఇంత బిగువైన ఆరంభం నాకు మరోటి తోచదు.

కానీ ఆ కుటుంబం గురించి మనకు తెలిసిందెంత? పిల్ల బొమ్మలేస్తుంది, తల్లి ఏడుస్తుంది. మల్లి మొదటిసారి కనిపించేదే అతిథి చేతికి పని చేస్తూ. దొరసాని ఆ రోజు రాకపోతే ఆ పిల్ల పొద్దున్నుంచీ ఏం చేసేది? కట్టెలకు పోయేదా, మేకలు కాసేదా, చెల్లెల్ని ఎత్తుకునేదా? సినిమా ఆ ఊసెత్తదు. దృశ్యం అయిపోగానే గూడెం కూడా అయిపోతుంది. అది హీరో భీమ్ ప్రయాణానికి కారణంగా మిగిలి, కథ ఢిల్లీకి వెళ్లిపోతుంది. నష్టం జరిగాక తప్ప అడవి ఇంటిని చూపించలేకపోవడం మన సినిమాకు పాత అలవాటే. రాజమౌళి దాన్ని అందరికంటే బాగా చేశాడు.

'బాహుబలి' మొదటి భాగం (2015) ఇంకో రకం. వీపులో బాణం దిగిన శివగామి పసిబిడ్డతో జలపాతం దిగువకు వస్తుంది. నీళ్లలో మునిగిపోతూ బిడ్డను ఒంటి చేత్తో పైకెత్తి పట్టుకుంటుంది. ఆ చేయి తెలుగువాళ్లందరికీ గుర్తే. గూడెం వాళ్లు వచ్చి బిడ్డను తీసుకుంటారు. పిల్లల్లేని సంగ తల్లి అవుతుంది. ఇంతవరకు కర్ణుడి దగ్గర్నుంచి మనకు అలవాటైన కథే. కానీ ఆ తర్వాత ఒక చిన్న పని జరుగుతుంది: బిడ్డ వచ్చిన గుహ ద్వారాన్ని సంగ మూయించేస్తుంది. ఆ దారి తెరిచి ఉంటే కొడుకు పోతాడని ఆమెకు తెలుసు. రోహిణి ఆ భయాన్ని అరుపుల్లేకుండా, కాస్త మొండిగా చేసింది. అడవి కుటుంబం తన ఇంటికి తనే తలుపు పెట్టుకోవడం తెలుగు తెర మీద అరుదు కనుక నాకు ఈ సినిమాలో మాహిష్మతి కోటకంటే ఆ గుహ ముఖమే ముఖ్యం. ఏం లాభం, ఆ కొండ ఎక్కకపోతే సినిమా లేదు. సంగ మాట నెగ్గితే ఆ బిడ్డ పెరిగి హీరో శివుడిగా ఎంట్రీ ఇవ్వడం లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. హీరో పరిచయం మన సినిమాలో ఓ సంస్థ. దానికి ముందు వచ్చేదంతా దానికోసం నేల చదును చేయడమే. అడవి కుటుంబం దెబ్బలు తింటే హీరో వస్తాడు. ఎవరైనా బిడ్డను వదిలితే హీరో పెరుగుతాడు. 1977 'అడవి రాముడు'లో అయితే హీరో అడవికి రావడమే కథ. కన్నడం నుంచి వచ్చి ఇక్కడా ఆడిన 'కాంతార' (2022) మొదలు కూడా 1847లో మనశ్శాంతి వెతుక్కుంటూ అడవిలోకి వచ్చిన ఓ రాజుతోనే. దైవం ముందు నిలబడ్డ గూడెం ప్రజల్ని మనం అతని కళ్లతో చూస్తాం. భూమి ఇచ్చేవాడు కనుక ఫ్రేములోకి ముందుగా రావడం అతని హక్కన్నట్టుంటుంది.

ఈ రివాజును తిప్పికొట్టిన పాత సినిమా ఒకటుంది, 1922 నాటిది. రాబర్ట్ ఫ్లాహర్టీ 'నానూక్ ఆఫ్ ద నార్త్'. కెనడాలో హడ్సన్ అఖాతం తీరాన తీసిన మూకీ. మొదట్లో ఓ చిన్న తోలు పడవ ఒడ్డుకు వస్తుంది, అందులో ఒక్క మనిషి. అతను దిగాక పడవ కడుపులోంచి భార్య, పిల్లలు, చివరికి కుక్కపిల్లా ఒకరి తర్వాత ఒకరు బయటికి వస్తారు. హాల్లో నవ్వు పుడుతుంది, ఆ నవ్వులోనే పరిచయం పూర్తయిపోతుంది. ఎంత ఇరుకులో, ఎంత ఒద్దికగా బతుకుతారో ఉపన్యాసం లేకుండా తెలిసిపోయింది. బయటివాడు ఫ్రేములో లేడు. కెమెరా వెనక ఉన్నాడన్నది వేరే సంగతి. ఆ వేరే సంగతి చిన్నదేం కాదు: నానూక్ అసలు పేరు అల్లకరియల్లక్. భార్య నైలాగా నటించిన ఆవిడ నిజంగా అతని భార్య కాదు. వేటకు అప్పటికే తుపాకులు వాడుతున్న మనుషుల చేత బల్లేలు పట్టించారు. వెలుతురు కోసం ఇగ్లూను సగానికి కోశారు. అంటే ఇంటివాళ్లను ముందు నిలబెట్టినంత మాత్రాన ఇంటి నిజం వచ్చేస్తుందని లేదు. అయినా 'ఆర్ఆర్ఆర్' తల్లికి లేనిది నైలాకు ఉంది: తన పని. డెబ్రా గ్రానిక్ 2018లో తీసిన 'లీవ్ నో ట్రేస్' ఆరంభంలో ఈ పనే మొత్తం దృశ్యం. పోర్ట్‌లాండ్ పక్క అడవిలో తండ్రీ కూతురూ తిండి ఏరుకుంటారు, వండుకుంటారు, మనిషి అలికిడైతే ఎలా దాక్కోవాలో సాధన చేస్తారు. మాటలు తక్కువ. అధికారులు వచ్చేసరికి మనం ఆ గుడారం పక్షాన ఉంటాం.

మన చుట్టుపక్కల దీనికి దగ్గరగా వచ్చింది తమిళం. వెట్రిమారన్ 'అసురన్' (2019), దాన్ని దాదాపు దృశ్యానికి దృశ్యం దించిన శ్రీకాంత్ అడ్డాల 'నారప్ప' (2021) రాత్రివేళ నీళ్లలో దిగి పోతున్న తండ్రితో, చిన్న కొడుకుతో మొదలవుతాయి. తల్లీ చెల్లెలూ మేనమామ వెంట వేరే దారిన. ఎందుకు పారిపోతున్నారో తర్వాత తెలుస్తుంది. ముందు వాళ్ల ఊపిరి వినిపిస్తుంది. కుటుంబం చీలిపోయి అడవిలో పడింది, మనమూ వాళ్లతోపాటే పడ్డాం. జ్ఞానవేల్ 'జై భీమ్' (2021) మొదలు జైలు గేటు. విడుదలై వస్తున్నవాళ్లను కులం అడిగి, దిక్కులేని కులాలవాళ్లను పక్కకు లాగి మళ్లీ కేసుల్లో ఇరికిస్తారు. ఆ తర్వాతే చేలో ఎలుకలు పట్టే ఇరుళ్ల కుటుంబాలు కనిపిస్తాయి. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు చేలల్లో యానాదులు ఎలుకలు పట్టడం చూసిన మనకు ఈ దృశ్యం డబ్బింగ్ అనిపించదు. ఓ యానాది కుటుంబంతో మొదలయ్యే పెద్ద తెలుగు సినిమా మాత్రం గుర్తుకు రాదు.

ఎరుకల వాళ్లున్నారు గదా అంటే, ఉన్నారు, పోలీసు ఫైల్లో. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సంచార కుటుంబాలను నేరస్థ జాతుల చట్టం కింద ఒకచోట కట్టిపడేసిన సెటిల్‌మెంట్, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. ఆ చట్టం రద్దయి 1952లో ఆ ముద్ర చెరిపేసినా సినిమా చెరపలేదు. 1991లోనే 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' రెండూ వచ్చాయి. పేర్లే చాలు. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' కూడా తన కథానాయకుణ్ణి పోలీసు అధికారి నోటి కథగానే పరిచయం చేసింది.

నల్లమల చెంచు కుటుంబానికి ఎలాంటి మొదటి దృశ్యం ఉండొచ్చో ఊహించడానికి పెద్ద కల్పన అక్కర్లేదు. కొండ చరియకు వేలాడే తేనెపట్టు దించేటప్పుడు కిందికి దిగేవాడి తాడును అతని బావమరిది పట్టుకుంటాడని చెబుతారు. అక్క పసుపుకుంకాలు ఆ చేతిలో ఉంటాయి కనుక వదలడన్న నమ్మకం. ఒక్క తాడు, దానికి రెండు కొసల్లో ఇద్దరు మనుషులు, పైన ఎక్కడో పొగ పెడుతున్న ఆడమనిషి. పెళ్లి, చుట్టరికం, జీవనోపాధి, ప్రాణభయం నాలుగూ ఒక్క షాట్‌లో ఉన్నాయి. బయటివాడి అవసరమే లేదు. పులుల అభయారణ్యంలో షూటింగ్ అనుమతి తెచ్చుకోవడం తేలిక్కాదు, ఒప్పుకుంటాను. అయితే కోట్లు పోసి అడవి సెట్లు వేసే పరిశ్రమకు ఓ చరియ, ఓ తాడు భారమవుతాయంటే నమ్మలేం.

ఇంత దూరం కూడా పోనక్కర్లేదు. సంక్రాంతి వెళ్లాక గుంటూరు, పల్నాడు, ప్రకాశం మిరప చేలల్లోకి కూలీలు దిగుతారు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఇళ్లకు తాళాలేసి, పిల్లాజెల్లాతో, సామాన్లతో లారీల్లో వస్తారు. చేను గట్టునో, ఊరి బయట బీట్లోనో ప్లాస్టిక్ పట్టా కప్పిన గుడారాలు. మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టె. వేపకొమ్మకు చీర ఉయ్యాల. పాములు, చలి, మంచు అన్నీ ఉన్న ఆరుబయట రెండు మూడు నెలల కాపురం. పగలంతా కోతలు, సాయంత్రం కాటా దగ్గర మేస్త్రీతో లెక్క. చేతులు మండుతుంటే నూనె రాసుకుంటారు, ఆ చేతుల్తో పసిపిల్లను ఎత్తుకోవాలంటే జంకుతారు. నా మటుకు గుంటూరు సీమలో అడవి కాపురమంటే ఇదే. చుట్టూ చెట్లు లేకపోవడం ఒక్కటే తేడా.

ఈ కుటుంబం తెర మీదికి రాలేదు. మిర్చి వచ్చింది. 2024 నాటి 'గుంటూరు కారం'లో కథకు పునాది మిర్చి గోడౌన్‌లో జరిగిన గొడవ, మంట. అంటే కాయ ఎండి, టిక్కీలకెక్కి, గోడౌన్ చేరాక గాని సినిమాకు కనిపించలేదు. కోసిన చేతులు అంతకు రెండు మజిలీల వెనకున్నాయి. యార్డులో ఎర్రటి రాశుల్ని పైనుంచి డ్రోన్‌తో తీయడం ఇప్పుడు ప్రతి పాటలోనూ చూస్తున్నాం, బాగానే ఉంటుంది. ఆ డ్రోన్‌ను చేను గట్టు దాకా దింపడానికి అడ్డం ఒక్కటే కనిపిస్తోంది: ఆ గుడారంలోంచి హీరో బయటికి రాడు. అతను రావాలంటే ముందు ఆ గుడారం తగలబడాలి.

చిన్న సినిమాలు తీసేవాళ్లకు ఈ బాధ తక్కువ. ఫోను కెమెరాతోనైనా సరే, ఫిబ్రవరిలో నాలుగు రోజులు క్రోసూరు వైపో త్రిపురాంతకం వైపో ఉంటే మొదటి దృశ్యం దొరుకుతుంది. తెల్లవారుజామున ఆడవాళ్లు ముందు లేస్తారు కనుక కెమెరా వాళ్లకంటే ముందు లేవాలి. కళ్లం పక్కన సౌండ్ రికార్డింగ్ కష్టం. ఎండు మిరప ఘాటుకు యూనిట్ అంతా దగ్గుతుంది, కూలీలు దగ్గరు. కోతల రోజుల్లో వాళ్లను ఆపి నటించమంటే కూలి పోతుంది. ఆ కూలి సినిమావాళ్లే కట్టివ్వాలి, కాటా లెక్కన.